సికిందరాబాదు రాతిసమాధులును ఈజిప్టు పరలోకవిశ్వాసమును

సికిందరాబాదునకు చేరిన పాత బోయినపల్లి చెంత హష్మతుపేట యను స్థలము కలదు. అచట నేలలో సగము కూరుకొనిపోయిన గుండ్రాళ్లు వలయములుగా అమరియున్నవి. ఇటువంటి వలయములే మౌలాలి గుట్టల కడను, తూర్పున భువనగిరి చేరువనున్న రాయగిరి యందును పరిశోధకులకు కాన్పించినవి. తెలంగాణపు పల్లెలవారు ఈ జాతి కట్టడములను రాక్షసగుళ్లనియు, రాకాసిబండలనియు, కొన్నియెడల పాండవుల గుళ్లనియు వ్యవహరింతురు. మనుష్యమాత్రులు కదల్పలేని బండలు గనుక రాక్షసులో భీమసేనుడో ఎత్తి నిలిపియుండవలెనను తలంపు ఆ పేళ్లకు మూలము. పేరులో గుడి యున్నను ఇవి దేవాలయములు కావు. మృతులకై బ్రతికియున్నవారు కట్టిన యిండ్లు.

వీనిని త్రవ్విచూచిన విద్వాంసులు సయితము కట్టినవా రెవ్వరను ప్రశ్నకు చిరకాలము పల్లెవారి సమాధానమునే మరియొక వేషమున చెప్పిరి. నిజాము కొలువున నుండిన మెడోసు టెయిలరు దొర సురపురపు సంస్థానమునందలి రాజన్‌కోలూరు, జేవర్గి మున్నగు తావుల సమాధులను శోధించి, 1850 ప్రాంతమునను ఆ తరువాతను ప్రకటించిన వ్యాసములలో ఇవి సిథియనులవో, ఐరోపాలోని కెల్టుజాతివారి కట్టడములకు సోదరములో యని యూహించెను. ఐర్లండునందలి రాతివలయములను ఎరిగినవాడగుటచే ఆతనికి దక్కనులో అవియే కనబడుట వింత కాదు. 1872లో ఫెర్గుసను లోకమందలి మోటురాతి కట్టడము లన్నిటిని గూర్చి వ్రాసిన గ్రంథమున ఈ దేశపు సమాధులకును చోటు దొరకినది. పిమ్మట కొలది దశాబ్దములకు సిథియనుల మాట సన్నగిల్లి, ఈజిప్టు మాట తలయెత్తెను.

ఆ వాదమును లేవదీసిన గ్రాఫ్టను ఇలియటు స్మిత్తు సామాన్యుడు కాడు. 1900 మొదలు 1909 వరకు కైరో వైద్యపాఠశాలలో శరీరశాస్త్రాచార్యుడై యుండి, ఈజిప్టు ప్రభువుల మృతదేహములను స్వయముగా పరీక్షించి, 1912లో ఆ పరీక్షాఫలమును గొప్ప గ్రంథముగా వెలయించినవాడు. 1914లో ఆస్ట్రేలియాకు పోయినప్పుడు టారెసు జలసంధి ద్వీపములనుండి వచ్చిన భద్రపరచిన శవములను చూచి, వానియందు ఈజిప్టు పద్ధతులే కలవని ఆతడు తలంచెను. దానితో 1915లో ప్రకటించిన గ్రంథమున మహాశిలలను నిలుపుట, శవములను చెడకుండ నుంచుట, సూర్యారాధనము మున్నగు ఆచారములన్నియు ఒకే మూటగా ఈజిప్టునుండి బయలుదేరి సముద్రమార్గముల లోకమంతట వ్యాపించినవని సిద్ధాంతము చేసెను. ఆతని అనుయాయియగు పెర్రీ 1923లో ఆ సిద్ధాంతమునే మరింత విస్తరించెను. వారి పటములో దక్షిణ హిందూదేశము ఒక మజిలీ. అనగా మౌలాలి గుట్టల క్రింది సమాధికి పిరమిడు తాత వరుస యగుచున్నది!

ఈ వాదమును తూచవలెనన్న ఈజిప్టువారు మృతుని గూర్చి యేమి నమ్మిరో ముందు తెలియవలయును. వారి నమ్మకము వారి లిపిలోనే దొరకుట అదృష్టము.

నైలునది కిరుప్రక్కల ఎడారి కలదు. అతిప్రాచీనకాలమున ఈజిప్టువారు శవమును ముడిచి పడుకొనబెట్టి, ఆ వేడియిసుకలో గుంట తీసి పాతిపెట్టుచుండిరి. ఇసుక తేమను పీల్చుటచే దేహము కుళ్లక, చర్మముతో వెండ్రుకలతో ఎండి నిలిచెడిది. తరువాత గొప్పవారికి ఇటుకతోడను రాతితోడను గదులు కట్టసాగిరి. గౌరవమునకై కట్టిన గది శవమును ఇసుకనుండి వేరుచేయగా, దేహము చెడిపోజొచ్చెను. ప్రకృతి ఊరక చేయుచుండిన పనిని అప్పటినుండి మనుష్యులు పూనుకొని చేయవలసి వచ్చెను. మమ్మిని చేయు విద్యకు మూలము ఇదియే యని పలువురు పండితుల మతము. మెదడును, ప్రేవులను తీసివేసి, నాట్రాను అను సహజమైన సోడా ఉప్పులో దేహమును ఎండబెట్టి, నూనెలు పూసి, నారగుడ్డల పట్టీలు చుట్టి, మొత్తము డెబ్బది దినములకు ముగించుట కడపట స్థిరపడిన పద్ధతి. గుండెను మాత్రము దేహమునందే ఉంచుచుండిరి. అది బుద్ధికిని జ్ఞాపకమునకును స్థానమని వారి విశ్వాసము. మృతుల న్యాయస్థానమున ఒసిరిసు దేవుని యెదుట త్రాసులో ఒకతట్టను ఆ గుండెను, రెండవతట్టను సత్యదేవత యీకను ఉంచి తూచుదురు. నలువదియిద్దరు న్యాయాధిపతుల యెదుట మృతుడు తాను చేయని పాపములను ఏకరువు పెట్టవలెను. తూకమున తప్పినవాని గుండెను మొసలి తలయు, సింహపు ముందరికాళ్లును, నీటియేనుగు వెనుకభాగమును గల ప్రాణి మ్రింగును. యమపురియందు చిత్రగుప్తుని చిట్టా నెరిగిన తెలుగువానికి ఈ కొలువు అంతగా కొత్త తోపదు. అయినను ఒక భేదము గమనింపదగినది. ఈజిప్టువానికి ఆ తీర్పు పిమ్మట మరల జన్మము లేదు. దేహము చెడిన తిరిగివచ్చి నిలుచుటకు ఆతని ప్రాణశక్తికి నెలవు లేదు. అందుచేతనే అంత శ్రమ.

ఆ ప్రాణశక్తిని వారు 'కా' అనిరి. దానికి ఆకలి కలదు. సమాధి గోడలో తెరచుకొనని రాతితలుపును చెక్కి, దాని ముందర రొట్టెయు యవలసారాయు ఉంచుచుండిరి. కా ఆ తలుపుగుండ వచ్చి ఆరగించి పోవును. మనుమలు, మునిమనుమలు పెట్టుట మానివేయుదురేమో యను భయముచే గోడలపై రొట్టెలను చిత్రించిరి. అదియు చాలదని, దారిన పోవువారు తన పేరు చదివి వేయి రొట్టెలు వేయి కుండలు అని నోట పలికినను చాలునని శిలలపై వేడుకొనిరి. పేరు వారికి దేహముతో సమానము. పేరు చెరిగిన వాడు రెండవమారు చచ్చినట్లే. క్రీ. పూ. 15వ శతాబ్దమున హాట్‌షెప్సుటు రాణి మరణించిన కొంతకాలమునకు ఆమె పేరును గోడలనుండి తొలిచివేయించుట ఇందువలననే అంత ఘోరమైన చర్య. తెలుగుదేశమున పెద్దల అమావాస్యనాడు పేరును గోత్రమును చెప్పి తిలోదకములు విడుచుటలోను ఇట్టి యెరుకయే ఉన్నది: పేరు పలుకక విడిచినది ఎవ్వరికి చేరును?

రాజుల సమాధులు ఈ విశ్వాసమును పర్వతప్రమాణముగా పెంచినవి. క్రీ. పూ. 27వ శతాబ్దమున జోసెరు రాజునకై ఇంహోటెపు కట్టించిన మెట్ల పిరమిడు ఎత్తు సుమారు 62 మీటరులు. తరువాతి శతాబ్దమునకే ఖూఫూ పిరమిడు 146 మీటరుల కెక్కినది. దాని అడుగున ఒక్కొక్క ప్రక్క 230 మీటరులు, రాళ్లు సుమారు 23 లక్షలు. ఇంత చేసియు ఆ పిరమిడులోపల గోడలపై ఒక మంత్రాక్షరము లేదు. క్రీ. పూ. 2350 ప్రాంతమున ఊనాసు రాజు సమాధిలో మొదటిసారిగా మంత్రములు చెక్కబడినవి. పిరమిడు దొంగలకు దీపస్తంభము వంటిది యని గ్రహించిన తరువాతి రాజులు థీబ్సు నగరమున కెదుట, నైలు పడమటియొడ్డున, కొండలోయలో సొరంగములు తొలిపించుకొని దాగిరి. దాగియు తప్పించుకొనలేదు. తొమ్మిదవ రామెసీసు కాలమున, క్రీ. పూ. 12వ శతాబ్దపు తుదియందు, సమాధిచోరులను విచారించిన కాగితములు నేటికిని ఉన్నవి. పురోహితులు మిగిలిన రాజదేహములను మూటలుగా చేర్చి ఒక బిలమున దాచగా, ఆ రాశి 1881లో బయటపడినది. ఇలియటు స్మిత్తు పరీక్షించిన దేహములలో పెక్కు లవియే. 1922 నవంబరులో హోవర్డు కార్టరు కనుగొన్న టుటంఖామెను సమాధి, చిన్నదగుటచేతను, పైన మన్ను రాళ్లు కప్పివేయుటచేతను, ఇంచుమించుగా చెడక నిలిచినది. అందలి వస్తువులు అయిదువేలకు పైబడినవి. పరలోకమున రాజునకు బదులు పొలము పని చేయుటకు 413 బొమ్మలుండెను; దినమున కొక్కటి చొప్పున 365 పనివారు, తక్కినవారు పైవిచారణకర్తలు. పరలోకమునందును వెట్టికి మేస్త్రీలు తప్పలేదు!

ఈ సంభారము నంతను మనస్సున నుంచుకొని దక్కను సమాధికి రావలెను. ఈ ప్రాంతపు సమాధియందు పైన గుండ్రాళ్ల వలయము, దాని నడుమ చిన్నరాళ్లతో మట్టితో పోసిన కుప్ప, ఆ కుప్పక్రింద కొన్ని అడుగుల లోతున పలకబండలు నిలిపి అమర్చిన పెట్టె, దానిపై మూతబండ. పెట్టె సామాన్యముగా ఉత్తరదక్షిణములుగా నుండును. అందులో ఎముకలు. పెట్టెలోపలను వెలుపలను కుండలు. ఇవి లోపలను మూతియొద్దను నలుపు, వెలుపల క్రిందిభాగమున ఎరుపు. కుండను ఆవములో బోరగిలించి కాల్చిన ఇట్టి రెండు రంగులు వచ్చునని చెప్పుదురు. వీనితోపాటు ఇనుప కత్తులు, బల్లెములు, గొడ్డండ్లు, ఉలులు, కొడవండ్లు. 1924లో హంటు అను వైద్యుడు లండనునందలి రాయల్ ఆంత్రొపొలాజికల్ ఇన్‌స్టిట్యూటు పత్రికలో హైదరాబాదు రాతికుప్ప సమాధులను గూర్చి విపులముగా వ్రాసెను. ఈ నగరపరిసరముల సమాధులకు ఆ వ్యాసము నేటికిని మూలాధారములలో నొకటి.

మృతునకు ఇల్లు, అన్నపాత్ర, ఆయుధము. ఇంతవరకు ఈజిప్టును దక్కనును ఒకే మాట పలికినట్లే యున్నది. కాని దగ్గరకు పోయి చూచిన పోలిక విడిపోవును.

మొదట ఇనుము. టుటంఖామెను కుడితొడపై ఉంచిన ఇనుపబాకు ఆకాశమునుండి రాలిన ఉల్కాలోహముతో చేయబడినదని 2016లో ప్రకటించిన పరీక్ష నిశ్చయించినది. బంగారు పెట్టెలో పరుండిన చక్రవర్తికి ఇనుము దేవలోకపు అపురూపవస్తువు. దక్కను సమాధిలోనన్ననో, అది రైతు కొడవలి. పిరమిడులు కట్టిన నాటికి ఈజిప్టువారి పనిముట్లకు రాగి తప్ప మరియొక లోహము లేదు. ఈ దేశపు రాతిసమాధులలో పెక్కు క్రీ. పూ. 1200 మొదలు క్రీ. పూ. 300 వరకు గల కాలమునకు చెందినవని, 1947లో వీలరు బ్రహ్మగిరియందు చేయించిన త్రవ్వకములకు తరువాతి శోధనలు సూచించుచున్నవి. ఖూఫూ పిరమిడునకును వీనికిని వేయేండ్లకు మించిన అంతరము. ఒక ఆచారమే ఒడలెక్కి వచ్చిన యెడల వేయేండ్లు నడిసముద్రమున నిలిచియుండునా?

రెండవది దేహము. ఈజిప్టు విశ్వాసమునకు దేహము నిలుచుట ప్రాణము. దక్కనులో పెక్కు సమాధులందు దొరకునవి ముందే విడిపోయిన ఎముకలు. అవియు కొన్ని మాత్రమే, ఒక్కొక్కచో ఒకరికి మించినవారివి. శవమును వేరొక తావున నుంచి, మాంసము పోయిన పిమ్మట ఎముకలను ఏరి తెచ్చి పెట్టెలో చేర్చుచుండిరని పరిశోధకుల అభిప్రాయము. ఈజిప్టువాడు దీనిని చూచిన గుండెలు బాదుకొనును. జేవర్గిలో మొండెములనుండి వేరైన తలలను చూచి టెయిలరు నరబలి జరిగెనని తలంచెను. ఎముకలను ఏరి చేర్చు ఆచారము తెలిసిన పిమ్మట అట్టి సాక్ష్యమును మరల తూచవలసి యున్నది. అస్థిసంచయనము చేసి కుండలో నింపు దేశమున విడిపడిన ఎముక హత్యకు గురుతు కానక్కరలేదు. రాజుతో పరిచారకులను పాతుట ఈజిప్టు మొదటి రాజవంశమున జరిగినట్లు అబైడోసునందలి అనుబంధసమాధులు తెలుపుచున్నవి. అచట కనబడినదానిని ఇచటికి తెచ్చి అంటించుట మాత్రము న్యాయము కాదు.

మూడవది ద్వారము. రాజన్‌కోలూరు మొదలగు తావుల కొన్ని రాతిగదుల పలకలో గుండ్రని రంధ్రము కలదు. ఈజిప్టు రాతితలుపును తెలిసినవారికి ఇది ఆత్మ రాకపోకలు సేయు దారియని వెంటనే తోచును. తోచవచ్చును. కాని ఒకే గదిలో పలువురి యెముకలు చేరుటను బట్టి, మరియొకరు చనిపోయినప్పుడు ఎముకలను లోనికి చేర్చుటకు ఆ రంధ్రము ఉపయోగపడెనని చెప్పుట అంతకంటె తేలిక. ఈజిప్టువాడు ఒక్కని కొరకు కట్టి మూసివేసెను. దక్కనువాడు కుటుంబము కొరకు కట్టి తెరచియుంచెను. అట్లే పెట్టె ఉత్తరదక్షిణములుగా నుండుటను చూచి యమదిక్కును తలంచుట సహజమే యైనను, తరువాతి పురాణమును ముందటి సమాధిలోనికి త్రోయుట తొందరపాటు.

ఇక ఇవి రాజసమాధులా? బండ పెద్దదైనంతమాత్రమున రాజు సమాధి యని తలంచు అలవాటు పిరమిడువలన వచ్చినది. 2017లో సిద్దిపేట సీమయందలి నర్మెట్టలో పురావస్తుశాఖవారు త్రవ్విన సమాధి మూతబండ నలువది టన్నులకు పైబడినది. దానిని తీయుటకు నేటి యంత్రములు కావలసివచ్చెను. అయినను ఆ లోపల ఖజానాయు సింహాసనమును లేవు. ఒక్కచోటనే వందలకొలది వలయములుండుట రాజవంశమునకు తగదు. బ్రహ్మగిరిలో సుమారు మూడువందలు లెక్కకు వచ్చినవి. చచ్చినవారందరికిని ఇట్టి సమాధి దొరకలేదన్నది నిజమే. దొరకినవారు గ్రామమున మేటి కుటుంబములవారై యుందురు. ఈ నగరమున పేరును తేదీయును చెక్కిన నిజమైన రాజసమాధులు చూడవలెనన్న గోలకొండ చెంతకు పోవలెను. అచట సుల్తాను కులీ తన సమాధిని తాను జీవించియుండగానే 1543లో కట్టించుకొనెను. బోయినపల్లి వలయములు కట్టినవారు బండల నెట్లు సంపాదించిరను శంకకు సమాధానము ఈ నేలయందే కలదు. హైదరాబాదు నల్లరాయి పొరలు పొరలుగా విచ్చుకొను స్వభావము కలది. నిప్పుతో కాచి, మేకులు దిగగొట్టి పలకలు లేపు విద్య వడ్డెరల చేతులలో నిన్నమొన్నటివరకు నిలిచియుండెను. మోకులు, దూలములు, ఏటవాలుగా పోసిన మట్టికట్ట, ఊరి జనము: ఇంతకంటె రాక్షసు డక్కరలేదు.

పల్లెవాని రాక్షసుడును, టెయిలరు సిథియనుడును, స్మిత్తు ఈజిప్టువాడును ఒక్క పనియే చేసిరని ఇప్పుడు స్పష్టమగుచున్నది. ఈ నేల దున్నినవానికి, ఇచట ఇనుము కరగించినవానికి, ఇచట కుండ కాల్చినవానికి ఈ పని చేతగాదని మువ్వురును చెప్పుచున్నారు. పల్లెవాడు అమాయకముగా చెప్పెను. తక్కిన యిరువురు పాండిత్యముతో చెప్పిరి. సమాధిలోని సామగ్రి మాత్రము వేరుగా పలుకుచున్నది. కుండ స్థానికము, ఇనుము స్థానికము, రాయి స్థానికము.

వారి పేళ్లు దొరకునా యను ఆశ మాత్రము ఒకటి పుట్టినది. నిజాము రాజ్యపు పురావస్తుశాఖాధ్యక్షుడగు గులాం యజ్దానీ 1917లో హైదరాబాదు పురావస్తుసంఘపు పత్రికలో ఈ సమాధుల కుండలపై గీయబడిన గుర్తులను ప్రకటించి, వానిని ప్రాచీనలిపులతో పోల్చెను. 1960లో బి. బి. లాలు ఆ గుర్తులలో హెచ్చుభాగము అంతకు పూర్వపు కుండలమీదను, హరప్పా కుండలమీదను ఉన్నవని చూపెను. అంతమాత్రమున అవి అక్షరములని రుజువు కాలేదు. కుమ్మరి గురుతో, ఇంటి గురుతో, కులపు గురుతో కావచ్చును. పేరు లేనిదే మృతుడు నిలువడని నమ్మినవాడు పిరమిడు కట్టెను. పేరు వ్రాయుట యెరుగనివారు, లేక అక్కర లేదనుకొనినవారు, ఈ వలయములను కట్టిరి. వీరికి మృతుడు ఒక పేరుగా గాక పెద్దలలో నొకడుగా నిలిచియుండును. ఇది ఊహయే, కాని ఎముకలు కలసియున్న తీరు దీనికి అనుకూలము.

ఈజిప్టు దేహమొకటి ఈ నగరమునకే వచ్చిచేరినది. నజీరు నవాజు జంగు 1920 ప్రాంతమున వేయి పౌనులకు కొని నిజాము మీర్ ఉస్మాన్ అలీఖానునకు కానుక యొసగెననియు, ఆ ప్రభువు దానిని 1930లో చిత్రవస్తుశాలకు దానము చేసెననియు చెప్పుదురు. ప్రభుత్వోద్యానమునందలి ఆ శాలలో నేటికిని నైషూ యను పేర ఆ యువతి దేహమున్నది. 2016లో దానిని ఎక్స్‌రే కిరణములతో పరీక్షించి, ప్రాణవాయువు చొరని గాజుపెట్టెలో భద్రపరచిరి. సమాధినుండి వేరైన దేహ మెంత చెప్పగలదో అంతే అది చెప్పుచున్నది: దేహము నిలిచినది, పేరును నిలిచినది, ఆమె చుట్టు ఏ వస్తువు ఎచట నుండెనో ఎవ్వరికి తెలియదు.

హష్మతుపేటలో పరిస్థితి దీనికి తలక్రిందులు. లిపి లేనివారి విశ్వాసమును చదువుటకు వస్తువుల అమరికయే అక్షరములు. ఏ కుండ తలవైపు, ఏది కాళ్లవైపు, ఏది మూతబండకు మీద, కత్తిమొన యేదిక్కునకు, ఎముకలు పేర్చబడినవా పోయబడినవా యనునవియే ఇచటి మంత్రపాఠము. తొలి దొరలు త్రవ్విన కాలమున కుండను మెచ్చి తీసికొనిపోయిరి. అది యుండిన చోటును అన్నియెడల వ్రాసికొనలేదు. గుండ్రాళ్లు పునాదులకు ఉపయోగించును గనుక ఊరు పెరిగినకొలది వలయములు తరిగినవి. హష్మతుపేట సమాధులు రాష్ట్రప్రభుత్వపు రక్షితస్థలముల పట్టికలో చేరియున్నను ఇండ్లు వానిని చుట్టుముట్టినవి. గచ్చిబౌలియందలి హైదరాబాదు విశ్వవిద్యాలయ ప్రాంగణమున ఇట్టి సమాధులనే ఆచార్యులు కొలతలతో పటములతో త్రవ్వి చూచుట వలన, నగరపు మట్టిక్రింద ఇంకను కదలని పెట్టెలు మిగిలియుండవచ్చునని తేలినది. అట్టి పెట్టె యొకటి మౌలాలి, బోయినపల్లి ప్రాంతమున దొరకిన, మూతబండ నెత్తుటకు ముందు దాని పైనున్న కుండల నెలవులను గీచికొనుట మొదటి పని.